ముందు మనుషులు, తర్వాతే మైళ్లు

మీ కాలేజీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు ఒకసారి తెరిచి చూడండి. పుట్టినరోజు కేకులు, పండగ శుభాకాంక్షలు, ఎవరో ఎక్కడి నుంచో తెచ్చి పెట్టిన ఆరోగ్య చిట్కాలు కనిపిస్తాయి. ఏడాదికోసారి ఎవరో ఒకరు "ఈసారి మాత్రం తప్పకుండా కలవాల్రా" అంటారు. పాతికమంది బొటనవేలు ఎత్తుతారు. అక్కడితో ఆ ముచ్చట ముగుస్తుంది. ఒకరికి సెలవు దొరకదు, ఒకరి ఇంట్లో పిల్లల పరీక్షలు, మ్యూనిక్‌లో ఉన్నవాడికి కుదిరిన వారం వియన్నాలో ఉన్నామెకు కుదరదు.

అందరూ ఒకే తేదీకి ఒకే చోటికి రావాలనే పట్టుదల వల్లే చాలా కలయికలు జరగవు. కాబట్టి ఆ పట్టుదల వదిలేయండి. మీరే ఒక్కొక్కరి గుమ్మం ముందుకు వెళ్లండి. వీలైతే సైకిల్ మీద వెళ్లండి. దారిని ముందే గీసుకుని అందులో స్నేహితుల్ని ఇరికించకండి. స్నేహితులు ఎక్కడున్నారో చూసుకుని వాళ్లను కలుపుతూ దారి గీయండి. ఈ అధ్యాయం మొత్తానికీ ఆధారం ఈ ఒక్క మాటే.

సైకిలే ఎందుకు?

విమానం దిగి వచ్చినవాడు చుట్టం. ఎయిర్‌పోర్టుకు ఎదురెళ్లాలి, ఊరంతా తిప్పి చూపించాలి, సెలవు పెట్టాలి. సైకిల్ మీద వచ్చినవాడికి కావలసినవి వేణ్నీళ్లు, కడుపునిండా అన్నం, ఉతికిన బట్టలు ఆరేసుకోవడానికి ఓ తీగ. ఆతిథ్యం ఇచ్చేవాళ్లకు ఇంత తేలికైన అతిథి ఇంకెవరూ ఉండరు.

మరో లాభం ఉంది. మీ ప్రయాణంలో ఒక ముక్కను అవతలివాళ్లు కూడా పంచుకోవచ్చు. విమానంలో మీ పక్క సీటులోకి ఎవరూ మధ్యలో వచ్చి కూర్చోలేరు. సైకిల్ యాత్రలో మాత్రం మీ మిత్రుడు ఆదివారం పొద్దున తన సైకిల్ తీసి, పాతిక కిలోమీటర్లు మీతో తొక్కి, మధ్యాహ్నానికి రైల్లో ఇల్లు చేరుకోగలడు. రెండు వారాల సెలవు లేనివాళ్లకూ సగం రోజు దొరుకుతుంది.

మొదటి మెసేజ్

యాత్రలో అన్నిటికన్నా నిటారైన ఎత్తు ఇదే. గిలియన్ శాండ్‌స్ట్రోమ్, లారా అక్నిన్ అనే పరిశోధకుల అధ్యయనం ఒకటి 2024లో వెలువడింది. దూరమైపోయిన స్నేహితుడిని పలకరించాలన్న కోరిక ఉండి, అవతలివాళ్లు సంతోషిస్తారన్న నమ్మకం ఉండి, చిరునామా చేతిలో ఉన్నవాళ్లకే మెసేజ్ రాసి పంపడానికి సమయం కేటాయించి ఇచ్చారు. అయినా పంపినవాళ్లు మూడో వంతు కూడా లేరు. అదే ముందు కొన్ని నిమిషాలు ఇప్పటి స్నేహితులకు మెసేజ్‌లు పంపించి, ఆ తర్వాత పాతవాళ్లకు రాయమంటే సగానికి పైగా పంపేశారు. మనకు మొహమాటం తీరడానికి కాస్త కసరత్తు సరిపోతుందన్నమాట.

అవతలివైపు సంగతి 2022లో పెగ్గీ లియూ బృందం చూసింది. పలకరించినవాళ్లు ఊహించినదానికన్నా పలకరింపు అందుకున్నవాళ్లు ఎక్కువ సంతోషిస్తున్నారని, ఆ పలకరింపు ఎంత అనుకోనిదైతే సంతోషం అంత ఎక్కువని తేలింది. "ఇన్నేళ్ల తర్వాత ఏమనుకుంటాడో" అన్న భయానికి ఇంతకన్నా మంచి మందు అక్కర్లేదు.

మెసేజ్ ఇలా ఉండొచ్చు:

"ఒరేయ్, ఎలా ఉన్నావ్? ఆగస్టులో పాసావ్ నుంచి బుడాపెస్ట్ దాకా సైకిల్ మీద వెళ్తున్నా. 18 నుంచి 20 లోపు మీ ఊరు దాటతా. ఆ మూడు రోజుల్లో ఏదో ఒక పూట నీతో కూర్చుని అన్నం తినాలని ఉంది. పడుకోడానికి చోటు నేను చూసుకుంటా. కుదరకపోతే కుదరదని చెప్పెయ్, ఏమీ అనుకోను."

ఇందులో నాలుగు జాగ్రత్తలు ఉన్నాయి. అడిగింది ఒక్క పూట. ఇచ్చింది ఒక్క తేదీ కాదు, మూడు రోజుల వెసులుబాటు. బస బరువు వాళ్ల మీద పెట్టలేదు. కాదనడానికి దారి తెరిచే ఉంచారు. "రా, మా ఇంట్లోనే ఉండు" అనే మాట వాళ్ల నోటి నుంచి వస్తేనే అందం. "ఇన్నేళ్లలో ఒక్క ఫోనైనా చేశావా" లాంటి నిష్ఠూరాలు మెసేజ్‌లో వద్దు. అవి ఎదురుగా కూర్చున్నప్పుడు నవ్వుతూ ఆడుకోవాల్సిన మాటలు. కాగితం మీదికి ఎక్కితే ఫిర్యాదులవుతాయి.

పటం మీద పేర్లు

ఒక నిజమైన దారి తీసుకుని లెక్క వేద్దాం. జర్మనీకి చదువుకు వెళ్లి ఆ చుట్టుపక్కలే స్థిరపడ్డవాళ్లు లేని ఇంజినీరింగ్ బ్యాచ్ ఇప్పుడు అరుదు. కాబట్టి డాన్యూబ్ నది దారినే చూద్దాం. ఫ్రాన్స్‌లో అట్లాంటిక్ తీరం నుంచి రొమేనియాలో నల్లసముద్రం దాకా సాగే యూరోవెలో 6 అనే సైకిల్ మార్గంలో ఇదొక భాగం.

పాసావ్ జర్మనీ చివరి ఊరు. డాన్యూబ్, ఇన్, ఇల్జ్ నదులు అక్కడ కలుస్తాయి. అక్కడి నుంచి ఆస్ట్రియాలో లింజ్, మెల్క్, క్రెమ్స్ మీదుగా వియన్నాకు సుమారు 320 కిలోమీటర్లు. వియన్నా నుంచి స్లొవాకియా రాజధాని బ్రటిస్లావాకు 65 దాకా ఉంటుంది. ఆపైన హంగరీలో గ్యోర్, ఎస్టర్‌గోమ్ దాటి బుడాపెస్ట్ చేరాలి. మొత్తం 700 కిలోమీటర్ల లోపే. పాసావ్ సముద్రమట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తున ఉంటే, బుడాపెస్ట్ 100 మీటర్ల ఎత్తున ఉంటుంది. నది పారే వైపే తొక్కుతారు కాబట్టి దారి మొత్తం మీద కొద్దిగా పల్లమే. ఎక్కువ రోజులు గాలి కూడా పడమటి నుంచే వీస్తుంది. కొత్తవాళ్లు సైతం ఈ దారి పట్టడానికి కారణం ఇదే. ఆస్ట్రియాలో నదికి రెండు వైపులా చక్కని సైకిల్ బాటలు ఉన్నాయి. హంగరీలో కొన్నిచోట్ల మామూలు రోడ్డు మీద వాహనాలతో పాటే వెళ్లాల్సి వస్తుంది.

ఇప్పుడు ఆ పటం మీద పేర్లు పెట్టండి. పద్ధతి ఇది:

1. మూడు వారాల యాత్రకు నలుగురు స్నేహితులు మించకూడదు. ఐదో పేరు రాశారంటే అందరినీ హడావిడిగా చూసి వెళ్లిపోవడమే అవుతుంది.

2. ఒక్కో స్నేహితుడి ఊళ్లో సైకిల్ ముట్టని రోజు ఒకటి ఉంచండి.

3. మామూలు రోజుకు 50, 60 కిలోమీటర్లు చాలు. స్నేహితుణ్ణి కలిసే రోజున 40 దాటొద్దు. ఎండలో వంద కిలోమీటర్లు తొక్కి వచ్చినవాడు కంచం ముందే కునుకు తీస్తాడు. పన్నెండేళ్ల తర్వాత కలిసినవాడికి మీ గురక వినిపించడం న్యాయం కాదు.

4. నాలుగైదు రోజులకు ఒక ఖాళీ రోజు వదలండి. వాన పడొచ్చు, మోకాలు మొరాయించొచ్చు, "ఇంకొక్క రోజు ఉండు" అని వాళ్ల అమ్మగారే అడగొచ్చు.

5. దారిలో అన్నిటికన్నా అందమైన, తేలికైన ముక్కను ఒంటరిగా తొక్కేయకండి. అది స్నేహితుడి కోసం. ఈ దారిలో అలాంటిది మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా ఉన్న వాఖావ్ లోయ. 2000 నుంచి యునెస్కో వారసత్వ ప్రదేశం. ఒక పక్క నది, మరో పక్క మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు, జులైలో ఆప్రికాట్ పళ్లు. దూరం 40 కిలోమీటర్ల లోపే. వియన్నాలో ఉన్న స్నేహితులు ఉదయం రైల్లో మెల్క్ చేరి, మీతో కలిసి తొక్కి, క్రెమ్స్ నుంచి రైల్లోనే తిరిగి వెళ్లొచ్చు.

సరిహద్దుల లెక్క

ఈ దారిలోని నాలుగు దేశాలూ ఒకే వీసాతో, మామూలుగా సరిహద్దు తనిఖీలు లేకుండా తిరగనిచ్చే షెంగెన్ ఒప్పందంలో ఉన్నాయి. స్లొవాకియా, హంగరీ అందులో చేరింది 2007 డిసెంబరు 21న. అంతకు దాదాపు రెండు దశాబ్దాల కిందటి దాకా ఆస్ట్రియాకూ ఈ రెండు దేశాలకూ మధ్య ముళ్లకంచె ఉండేది. దాటబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఇప్పుడు బ్రటిస్లావా శివార్లలో మొరావా నది మీద, సరిగ్గా ఆ పాత సరిహద్దు దగ్గరే, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ మాత్రమే అయిన వంతెన ఉంది. 2012లో తెరిచారు. పేరు కోసం జనాన్ని ఓటు అడిగితే హాలీవుడ్ నటుడు చక్ నారిస్ పేరుకు ఎక్కువ ఓట్లు పడ్డాయి. అధికారులు మాత్రం స్వేచ్ఛా వంతెన అని పెట్టారు. కాస్త దారి మళ్లి అయినా దాని మీదుగా వెళ్లండి.

ఇండియా నుంచి వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి:

వీసా: ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. దిగిన రోజు, వెనుదిరిగిన రోజు కూడా లెక్కలోకే వస్తాయి. ఏ రాత్రి ఎక్కడ బస అన్నది చూపించాలి కాబట్టి స్నేహితుల ఇంట్లో ఉండే రాత్రులకు వాళ్ల ఆహ్వాన పత్రం ముందే తెప్పించుకోండి.

బీమా: కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పాలసీ కాగితంలో సైకిల్ యాత్రను మినహాయించారేమో చదవండి. ఏజెంటు నోటిమాట చాలదు.

పాస్‌పోర్టు: సరిహద్దులో ఎవరూ ఆపకపోవచ్చు. కానీ ఈ మధ్య కొన్ని దేశాలు తాత్కాలిక తనిఖీలు పెడుతున్నాయి. పాస్‌పోర్టును బ్యాగు అడుగున పడేయకుండా ఒంటి మీదే ఉంచుకోండి.

డబ్బు: జర్మనీ, ఆస్ట్రియా, స్లొవాకియాల్లో యూరో. హంగరీలో ఫోరింట్.

తిండి: ఆస్ట్రియాలో ఆదివారం సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు. శనివారం సాయంత్రమే రొట్టె, పళ్లు, పెరుగు కొని పెట్టుకోండి. శాకాహారులకు ఇది మరీ ముఖ్యం.

ఊరి కానుకలు: పాలు, మాంసంతో చేసినవేవీ యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు. నెయ్యి డబ్బా, పాలకోవా, నాటుకోడి పచ్చడి ఇంట్లోనే వదిలేయండి. కందిపొడి, కారప్పొడి పట్టుకెళ్లండి. లేబుల్ అంటించి సీలు వేసిన పొట్లాలైతే మంచిది.

రోడ్డు: అక్కడ కుడివైపున నడపాలి. మొదటి రెండు రోజులూ ఊరు దాటే మలుపుల్లో చేతులు అలవాటుగా ఎడమకే తిరుగుతాయి. ఒంటరి రోడ్డు మీద ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే సరిచేయడానికి పక్కన వేరే బండి ఉండదు. హెల్మెట్ అన్నిచోట్లా పెట్టుకోండి. రాత్రి ఊళ్లో విందు ఉంటే, మందు ముట్టేవాళ్లు సైకిల్‌కు తాళం వేసి నడిచి రండి. తాగి సైకిల్ నడపడం కూడా అక్కడ నేరమే. అత్యవసరానికి నాలుగు దేశాల్లోనూ 112.

ఒక చక్కని చోటు కూడా చెప్పాలి. బ్రటిస్లావాకు దక్షిణాన ఆస్ట్రియా, స్లొవాకియా, హంగరీ సరిహద్దులు ఒక పొలం మధ్యలో కలుస్తాయి. అక్కడ మూడు మూలల బల్ల వేసి ఉంది. ఒక్కో వైపు ఒక్కో దేశం. వియన్నా స్నేహితుడూ బ్రటిస్లావా స్నేహితుడూ ఒకరినొకరు చూసి ఏళ్లయిందంటే, ఇద్దరినీ అక్కడికి మధ్యాహ్న భోజనానికి పిలవండి. పులిహోర పొట్లం విప్పడానికి అంతకన్నా మంచి బల్ల దొరకదు.

సైకిల్, కాళ్లు

ఇక్కడి సైకిల్‌ను విమానంలో మోసుకెళ్లనక్కర్లేదు. పాసావ్‌లో అద్దెకు దొరుకుతాయి. తీసుకునేటప్పుడు సీటు ఎత్తు సరిచేయించుకోండి. పెడల్ కింది చివర ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. బరువు వీపు మీద వద్దు, వెనక క్యారియర్‌కు రెండు పక్కలా వేలాడే సంచుల్లో పెట్టండి. స్పేర్ ట్యూబు, పంక్చర్ ప్యాచీలు, టైరు ఊడదీసే లీవర్లు, చైను నూనె, చిన్న పంపు ఉండాలి. అక్కడి ట్యూబుల వాల్వు మన దగ్గరిలా ఉండకపోవచ్చు. పంపు దానికి సరిపోతుందో లేదో కొట్టులోనే చూసుకోండి.

సాధనకు రెండు నెలలు చాలు. వారంలో మూడు రోజులు తొక్కండి. అందులో ఒక రోజు నింపిన సంచులతో. హైదరాబాద్‌లో ఉంటే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. చివరి మూడు వారాల్లో వరసగా రెండేసి రోజులు తొక్కండి. అసలు పరీక్ష మొదటి రోజు కాదు, రెండో రోజు పొద్దున మళ్లీ సీటు మీద కూర్చోవడమే.

కలిసిన రోజు

ఇంత చేసి వెళ్లాక, గుమ్మంలో కౌగిలింత అయ్యాక, సోఫాలో ఎదురెదురుగా కూర్చున్న పది నిమిషాలకు మాటలు ఆగిపోతాయి. "ఇంకేంటి?" అని ఒకరు, "నువ్వే చెప్పాలి" అని ఇంకొకరు. దీనికి బెంగపడకండి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ తెలియకుండానే ఇంటర్వ్యూ మొదలుపెడతారు. జీతమెంత, ఇల్లు కొన్నావా, పిల్లలు ఏం చదువుతున్నారు. మరుసటి రోజు పొద్దున ఇద్దరూ సైకిళ్ల మీద పది కిలోమీటర్లు వెళ్లి రండి, లేదా నది ఒడ్డున నడవండి. చూపు దారి మీద ఉంటుంది, మౌనం ఎబ్బెట్టుగా ఉండదు, చెప్పాల్సిన మాట తనంతట తాను బయటికొస్తుంది. విడాకులు, పోయిన ఉద్యోగం, నాన్న చివరి రోజుల్లో ఇండియా వెళ్లలేకపోయిన బాధ. ఇలాంటివి మొహంలోకి చూస్తూ చెప్పడం మగవాళ్లకు మరీ కష్టం.

గుమ్మం దాటగానే గ్రూపుకు వీడియో కాల్ చేయకండి. మొదటి సాయంత్రం మీ ఇద్దరిది. ఫొటో మర్నాడు పెట్టొచ్చు.

ఇంట్లో వాళ్లను మర్చిపోకండి. మీ హాస్టల్ కథల్లో మీ మిత్రుడి భార్యకో, భర్తకో చోటు లేదు. రెండు గంటలు మీరిద్దరే నవ్వుకుంటుంటే ఆ మనిషి వంటింట్లోకి వెళ్లిపోతారు. వాళ్ల ఊరు, వాళ్ల కాలేజీ, ఈ దేశం వచ్చిన కొత్తలో వాళ్లు పడ్డ పాట్లు అడగండి. పిల్లల ముందు పాత మారుపేర్లు, సప్లిమెంటరీ పరీక్షల చరిత్ర తవ్వే ముందు మిత్రుడి కళ్లలోకి ఒకసారి చూడండి. అనుమతి అక్కడే దొరుకుతుంది.

హోదాలు మారి ఉంటాయి. మీతో కలిసి ఒకే ప్లేటులో ఇడ్లీ తిన్నవాడు ఇప్పుడు డైరెక్టరై ఉండొచ్చు, క్లాసు ఫస్టు వచ్చిన అమ్మాయి వీసా నిబంధనల వల్ల ఇంట్లో ఉండిపోయి ఉండొచ్చు. "ఏం చేస్తున్నావ్?" అనే ప్రశ్న ఇద్దరినీ ఇబ్బంది పెడుతుంది. "నీ రోజు ఎలా గడుస్తుంది?" అని అడిగి చూడండి. దానికి అందరి దగ్గరా జవాబుంటుంది.

పాత తగవు ఏదైనా మీ వైపు బాకీ ఉంటే, ఒక్క వాక్యంలో తీర్చండి. "అప్పుడు నేనలా మాట్లాడాల్సింది కాదు" అని ఆపండి. కారణాలు చెప్పడం మొదలుపెడితే పాత వాదనే మళ్లీ మొదలవుతుంది. వాళ్ల వైపు బాకీ ఉంటే, వసూలు చేయడానికి ఇన్ని దేశాలు దాటి రావద్దు.

మీ బ్యాచ్‌లో లేకుండా పోయినవాళ్ల పేర్లు తప్పకుండా తలుచుకోండి. వాళ్ల గురించి మాట్లాడుకోవడానికి ఆ దూరదేశంలో మీ మిత్రుడికి మీరు తప్ప ఎవరున్నారు?

వాళ్లే ఉండమంటే తప్ప రెండు రాత్రులు మించి ఉండకండి. ఉల్లిపాయలు తరగండి, గిన్నెలు తోమండి, పక్క మీరే సర్దండి. ఒక్కోసారి ఆ మనిషి పూర్తిగా మారిపోయి ఉంటారు. మాటలు కలవవు. అది ఎవరి తప్పూ కాదు. ఒక పూట భోజనం మర్యాదగా చేసి, మనస్ఫూర్తిగా మంచి కోరి కదలండి.

రైలెక్కితే నామోషీ కాదు

ఒడిశాకు చెందిన చిత్రకారుడు ప్రద్యుమ్న కుమార్ మహానందియా 1977లో ఢిల్లీ నుంచి సెకండ్‌హ్యాండ్ సైకిల్ మీద స్వీడన్‌కు బయల్దేరారు. ఢిల్లీలో బొమ్మ గీయించుకోవడానికి వచ్చి పరిచయమైన షార్లెట్‌ను మళ్లీ కలవడానికి. అఫ్ఘానిస్థాన్, ఇరాన్, తుర్కియే దాటి యూరప్ చేరారు. చివరి దశలో రైలెక్కి గోథెన్‌బర్గ్‌లో దిగారు. ఆ మిగిలిన దూరం తొక్కలేదని ఆ కథను తక్కువ చేసినవాళ్లు లేరు. ఆయన వెళ్లింది షార్లెట్ కోసం, కిలోమీటర్ల కోసం కాదు. ఇద్దరూ స్వీడన్‌లోనే స్థిరపడ్డారు.

మీకూ ఇదే సూత్రం. జోరువానలో 70 కిలోమీటర్లు తొక్కితే తప్ప సాయంత్రం భోజనానికి అందుకోలేమంటే రైలెక్కండి. డాన్యూబ్ దారి పొడవునా రైలుమార్గం దగ్గరలోనే ఉంటుంది. చాలా రైళ్లలో సైకిల్‌కు చోటుంది. దూరపు రైళ్లకు ముందే రిజర్వు చేసుకోవాలి.

జట్టుగా వెళ్లేవాళ్లకు ఇంకో మాట. 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ల మీద ప్రపంచయాత్రకు బయల్దేరారు. 1928లో చుట్టి వచ్చింది ముగ్గురే, ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భూంగరా. మధ్యలో ఆగినవాళ్లు ఓడిపోయినట్టు కాదు. బయల్దేరే ముందే అందరూ ఒప్పుకోవాల్సిన మాట ఇది: ఎవరైనా ఏ రోజైనా ఆగిపోవచ్చు, సంజాయిషీ అడగకూడదు.

పాస్‌పోర్టు లేకపోతే?

నేపాల్ వెళ్లడానికి మనకు వీసా అక్కర్లేదు. ఓటరు కార్డు ఉన్నా రోడ్డు దారిన వెళ్లొచ్చు. సునౌలీ సరిహద్దు దాటాక లుంబిని ఒక్క పూట దూరమే. అదీ కుదరకపోతే రాష్ట్ర సరిహద్దు చాలు. తిరుపతి నుంచి చెన్నై సుమారు 135 కిలోమీటర్లు, మధ్యలో ఒక రాత్రి ఆగితే హాయిగా వెళ్లొచ్చు. పేర్లు ముందు, దారి తర్వాత అన్న పద్ధతి అక్కడా అంతే.

ఈ వారం చేయాల్సిన పని

1. ఒక కాగితం మీద నాలుగు పేర్లు రాయండి. కలవకపోతే మీరు బాధపడే పేర్లు మాత్రమే, పరపతికి పనికొచ్చేవి వద్దు.

2. ఒక్కో పేరు పక్కన ఇప్పుడున్న ఊరు రాయండి. తెలియకపోతే తెలిసినవాళ్లను అడగండి. ఆ అడగడంలోనే ఇంకొకరితో మాట కలుస్తుంది.

3. ఆ ఊళ్లను పటం మీద గుర్తించి గీత కలపండి. 700 కిలోమీటర్లు దాటితే ఒక పేరును వచ్చే ఏటికి వాయిదా వేయండి.

4. రోజూ మాట్లాడే ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక పలకరింపు పంపండి. చెయ్యి తిరుగుతుంది.

5. వెంటనే నాలుగు పేర్లలో అన్నిటికన్నా భయపెట్టే పేరుకు మెసేజ్ రాయండి. మూడు రోజుల వెసులుబాటు, ఒక్క పూట భోజనం, కాదనే స్వేచ్ఛ ఉన్నాయో లేదో చూసి పంపేయండి. సైకిల్ గురించి ఆలోచించడం జవాబు వచ్చాక మొదలుపెట్టొచ్చు.